అండమాన్ ఇంటి గోడకి గూడు కట్టే చిన్న స్విఫ్ట్‌లెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా శ్రీకాకుళం వైపు నుంచి, విజయనగరం వైపు నుంచి అండమాన్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డవాళ్ళు చాలామంది. తాపీపనికో, చేపల పనికో, ఉద్యోగానికో వెళ్ళినవాళ్ళు ఫోన్‌లో ఫొటోలు పంపుతుంటారు. సముద్రం, సెల్యులార్ జైలు అయ్యాక ఏదో ఒకరోజు వరండా గోడకి అంటుకున్న చిన్న గూడు ఫొటో కూడా వస్తుంది. "ఇది ఏటి పిట్టో చెప్పు" అని అడుగుతారు. మా బంధువుల ఇంట్లో ఆ గూళ్ళ కింద కూర్చుని రోజులు గడిపినవాడిని కాబట్టి ఇష్టంగానే జవాబు చెప్తాను. కానీ అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీకు ఏది కావాలో అది మాత్రమే చదువుకోవచ్చు.

## పేరు, ఊరు

మా వరండాలో ట్యూబ్‌లైటు పక్కన గూడు కట్టిన ఈ చిన్న నల్ల పిట్ట ఏటండి?

అండమాన్‌లో ఇంటి వరండాలో, మెట్లకింద, షెడ్డు దూలానికి గూడు కట్టి, వీపు నల్లగా నిగనిగలాడుతూ పొట్ట తెల్లగా ఉంటే అది ప్లూమ్-టోడ్ స్విఫ్ట్‌లెట్. శాస్త్రీయ నామం కొల్లోకాలియా ఎఫినిస్. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని పేరు మారిన ఊళ్ళో, ఇది మన పిచ్చుకలాగా మనుషుల మధ్యే బతుకుతుంది. పాతకాపులు ఇప్పటికీ దీన్ని వైట్-బెల్లీడ్ స్విఫ్ట్‌లెట్ అంటారు, అంటే తెల్లపొట్టది అని. నాకైతే ఆ పేరే నచ్చుతుంది. పిట్టను చూడగానే ఏది గమనించాలో పేరే చెప్తుంది కదా.

దీనికి తెలుగు పేరు లేదా? మా అమ్మ వానకోయిల అంటోంది.

మన దగ్గర గాల్లో గిరగిరా తిరుగుతూ పురుగులు పట్టే పిట్టలన్నిటికీ వానకోయిల అన్న మాటే వాడతారు. తీగల మీద వరసగా కూర్చునే స్వాలోలకీ అదే, తీగ మీద కూర్చోలేని స్విఫ్ట్‌లకీ, వాటిలో చిన్నవైన స్విఫ్ట్‌లెట్లకీ అదే. వాన ముందు పురుగులు కిందికి దిగితే ఈ పిట్టలూ కిందికి వస్తాయి. ఆ లెక్కన మీ అమ్మగారి మాట తప్పు కాదు. కానీ అండమాన్ పిట్టకి మన నేల మీద ప్రత్యేకమైన పేరు పుట్టే అవకాశమే లేదు, ఎందుకంటే అది ఇక్కడ లేదు. మాటల్లో వానకోయిల అనుకోండి, నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు స్విఫ్ట్‌లెట్ అని రాసుకోండి.

పాత పుస్తకంలో గ్లాసీ స్విఫ్ట్‌లెట్ అని ఉంది, ఫోన్ యాప్‌లో ప్లూమ్-టోడ్ అని చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ ఈ పిట్టవే. అండమాన్ నుంచి న్యూగినీ దాటి పసిఫిక్ దీవుల వరకు ఉన్న ఇలాంటి తెల్లపొట్ట స్విఫ్ట్‌లెట్లన్నీ ఒకే జాతి అని చాలాకాలం అనుకున్నారు. ఆ జాతి పేరు కొల్లోకాలియా ఎస్కులెంటా. 2017లో జన్యువుల్నీ రూపాన్నీ కలిపి పరిశీలించి దాన్ని చాలా జాతులుగా విడదీశారు. అప్పుడు అండమాన్, నికోబార్ పిట్ట కొల్లోకాలియా ఎఫినిస్ కిందికి వచ్చింది. కాబట్టి 2017కి ముందు అచ్చయిన ఏ పుస్తకంలోనైనా పాత పేరే ఉంటుంది.

ఆ పాత పేరులో ఒక పెద్ద తికమక ఉంది. ఎస్కులెంటా అంటే లాటిన్‌లో తినదగినది. 1758లో లినేయస్ ఆ పేరు పెట్టాడు. కానీ తినే గూడు కట్టేది ఈ పిట్ట కాదు! ఆ పేరు చూసి మీ ఇంటి గోడమీది గూడు లక్షలు పలుకుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇండియాలో ఇంకెక్కడైనా ఉందా? విశాఖలో చూడొచ్చా?

ఇండియాలో అండమాన్, నికోబార్ దీవుల్లో మాత్రమే. దేశం బయట మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో, వాటి చుట్టుపక్కల దీవుల్లో ఉంది. మన తీరానికీ పోర్ట్ బ్లెయిర్‌కీ మధ్య సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. విశాఖ నుంచి ఓడ ఎక్కితే రెండు రాత్రులు దాటిపోయే దూరం. ఈ పిట్ట వలసపోయేది కాదు, ఏడాది పొడుగునా పుట్టిన దీవిలోనే ఉంటుంది. విశాఖలో మీరు చూసింది వేరే పిట్ట.

## గాల్లో ఉన్నప్పుడు గుర్తుపట్టడం

క్షణం కూడా ఆగదు, రంగు కూడా కనపడదు. అసలు దేన్ని చూడాలి?

తెలుపు ఎక్కడుందో చూడండి. మిగిలినవన్నీ తర్వాత. తెలుపు పొట్టమీద ఉండి నడుము నల్లగా ఉంటే, మీరు అండమాన్‌లో ఉంటే, అది ప్లూమ్-టోడ్ స్విఫ్ట్‌లెట్. నడుమ్మీద, అంటే తోకకి కాస్త పైన, తెల్లటి పట్టీ ఉండి పొట్ట నల్లగా ఉంటే అది మన వంతెనల కింద ఉండే లిటిల్ స్విఫ్ట్. తెలుపు ఎక్కడా లేకుండా మట్టి రంగులో ఉంటే, అండమాన్‌లో అది గుహల్లో ఉండే ఎడిబుల్-నెస్ట్ స్విఫ్ట్‌లెట్ కావచ్చు. మన తాటితోపుల్లో అయితే పామ్ స్విఫ్ట్.

కొత్తగా చూసేవాళ్ళు తలెత్తి ఆకాశంలో చూస్తారు. ఆకాశపు వెలుతురుకి ఏ పిట్టైనా నల్లటి నీడలాగే కనిపిస్తుంది. నేనూ మొదటి రెండు రోజులు అలాగే మెడ నొప్పి తెచ్చుకున్నాను. మేడ మీదికో, మిట్ట మీదికో ఎక్కి పిట్ట మీకంటే కింద ఎగిరేలా చూసుకోండి. అప్పుడు వెనక పచ్చటి చెట్లు ఉంటాయి. ఎండ పడగానే వీపుమీద నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపు ఒక్కసారి తళుక్కుమంటుంది. అది తిరిగినప్పుడు పొట్ట తెలుపు కనిపిస్తుంది. ఈ రెండూ చూశాక ఇంక అనుమానం అక్కర్లేదు.

ఎంత సైజు ఉంటుంది? పిచ్చుక కంటే చిన్నదా?

చాలా చిన్నది. ముక్కు నుంచి తోక దాకా తొమ్మిది, పది సెంటీమీటర్లు. ఊరపిచ్చుక సుమారు 15 సెంటీమీటర్లు. బరువు చూస్తే ఆరేడు గ్రాములు, అంటే రెండు రూపాయి బిళ్ళలంత. గాల్లో మాత్రం రెక్కలు పొడుగ్గా చాచుకుని ఉండటంవల్ల ఉన్నదానికంటే పెద్దదిగా అనిపిస్తుంది.

కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నవి కూడా ఇవేనా?

కాదు. తీగ మీద కూర్చుందంటే అది స్విఫ్టూ కాదు, స్విఫ్ట్‌లెటూ కాదు. అవి స్వాలోలు. స్విఫ్ట్‌ల కుటుంబం పేరు ఏపోడిడే, గ్రీకులో కాళ్ళు లేనివి అని అర్థం. కాళ్ళు లేకపోవడం కాదు, చాలా పొట్టిగా ఉంటాయి. నిటారు గోడని గోళ్ళతో పట్టుకుని వేలాడగలవు, కొమ్మనో తీగనో పట్టుకుని కూర్చోలేవు. చూడటానికి స్వాలో, స్విఫ్ట్ అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ చుట్టరికం లేదు. స్వాలో పిచ్చుకల వర్గానిది. స్విఫ్ట్‌కి దగ్గర బంధువు అమెరికా ఖండాల్లో పువ్వుల ముందు గాల్లో నిలబడి తేనె తాగే హమ్మింగ్‌బర్డ్. ఒకే రకం పని, అంటే గాల్లో పురుగులు పట్టడం, చేసీ చేసీ రెండు వేర్వేరు వంశాల పిట్టలు ఒకే ఆకారానికి వచ్చాయి.

సాయంత్రం చూసి గబ్బిలం అనుకున్నాను. ఎలా తెలుసుకోవాలి?

మీ పొరపాటు సహజమే. పెద్ద స్విఫ్ట్‌లు కొడవలిలా కోసుకుంటూ వెళ్తాయి. ఈ చిన్నది టపటపా రెక్కలు కొడుతూ, కాస్త జారుతూ, చటుక్కున పక్కకి తిరుగుతూ, రోడ్డుమీద నడుము ఎత్తులో కూడా ఎగురుతుంది. వెలుతురు పూర్తిగా పోకముందే ఇది గూటికి చేరుతుంది. దీపాలు పెట్టాక కూడా తిరుగుతుంటే అది గబ్బిలమే. తోక కూడా చూడండి. స్విఫ్ట్‌లెట్‌కి చిన్న నొక్కు ఉన్న ఈకల తోక ఉంటుంది.

అండమాన్ ఆకాశంలో ఇలాంటివి ఎన్ని రకాలు?

మీకు తరచుగా ఎదురయ్యేవి రెండు స్విఫ్ట్‌లెట్లు. తెల్లపొట్టతో ఇళ్ళ దగ్గర ఉండే ప్లూమ్-టోడ్ ఒకటి, పైనా కిందా మట్టి రంగులో సుమారు 12 సెంటీమీటర్లు ఉండే ఎడిబుల్-నెస్ట్ ఒకటి. హిమాలయన్ స్విఫ్ట్‌లెట్ కూడా అతిథిగా వస్తుంది. అది ఇంకాస్త పెద్దది, తోక నొక్కు బాగా తెలుస్తుంది. ఎడిబుల్-నెస్ట్‌నీ హిమాలయన్‌నీ గాల్లో విడదీయడం చెయ్యి తిరిగినవాళ్ళకే కష్టం. తెలియకపోతే "స్విఫ్ట్‌లెట్, జాతి తెలియదు" అని రాసుకోవడం నిజాయితీ. వీటికి రెండింతలు పైగా పొడవుండి బాణంలా దూసుకెళ్ళేది కనిపిస్తే అది బ్రౌన్-బ్యాక్డ్ నీడిల్‌టెయిల్. దాన్ని వీటితో పొరబడే అవకాశం లేదు.

పేరులో ఉన్న ఆ కాలి ఈక మనకి కనపడుతుందా?

ఎగిరేటప్పుడు కనపడదు. వెనక వేలికి ఒక బుల్లి ఈక కుచ్చు ఉంటుంది, ప్లూమ్-టోడ్ అన్న పేరు దానివల్లే వచ్చింది. పిట్టని చేతిలో పట్టుకున్నవాళ్ళకే తెలిసే గుర్తు అది. దానికోసం పిట్టని పట్టుకోవాలని మాత్రం చూడకండి.

ఫోన్‌తో ఫొటో వస్తుందా?

ఎగిరేది రాదు. కెమెరా ఉంటే షట్టర్ 1/2000 సెకనుకి తగ్గకుండా పెట్టి, పిట్ట మళ్ళీ మళ్ళీ తిరిగే దారి చూసుకుని అక్కడే ఆగండి. ఫోన్ మాత్రమే ఉంటే గూటిని తీయండి, దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా, ఒకటో రెండో. గుర్తుపట్టడానికి గూడు ఫొటో చాలు. నిజానికి పిట్ట ఫొటోకంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

## గూడు, గుడ్లు, తిండి

గూడు దేనితో కడుతుంది? మట్టిలా లేదే.

నాచు, లైకెన్ (చెట్ల బెరడుమీద, రాళ్ళమీద పొలుసుల్లా పెరిగేది), సన్నటి పీచు, సరుగుడు ఆకుల్లాంటి ఎండుపుల్లలు. వీటిని తన ఉమ్మితో అతికిస్తుంది. ఉమ్మి ఆరితే వజ్రంబంకలా గట్టిపడుతుంది. గూడు సగం కోసిన కొబ్బరిచిప్పలా గోడకి అంటుకుని ఉంటుంది, అంచుల్లో సరుగుడు పుల్లలు వేలాడుతుంటాయి. స్వాలో అయితే బురద ఉండలు తెచ్చి పేరుస్తుంది. అందుకే గూట్లో మట్టి ఉంటే స్వాలో, నాచూ పీచూ ఉండి జిగురు మెరుస్తుంటే స్విఫ్ట్‌లెట్.

ఇంకో సంగతి గమనించండి. ఇది వెలుతురు ఉన్నచోటే కడుతుంది. వరండా, మెట్లు, గుహ అయితే గుహ వాకిలి. లోపలి చీకట్లోకి పోదు, ఎందుకంటే చీకట్లో దారి వెతుక్కునే విద్య ఈ జాతికి లేదు.

ఎన్ని గుడ్లు పెడుతుంది?

రెండు, తెల్లటివి. తల్లీతండ్రీ ఇద్దరూ పొదుగుతాయి, ఇద్దరూ మేపుతాయి. ఈ పిట్టల పిల్లలు నెమ్మదిగా పెరుగుతాయి. పిచ్చుక పిల్లలు రెండు వారాలకే ఎగిరిపోతాయి కదా అని దీన్నీ అలా లెక్కపెట్టకండి. గూడు కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి పిల్లలు ఎగిరిపోయే రోజు దాకా నెలలు పడుతుంది.

బియ్యం నూకలు వేస్తే తింటుందా? నీళ్ళు పెట్టమంటారా?

తినదు. మన ఇళ్ళలో పిచ్చుకలకి వరికంకుల కుచ్చు కట్టడం చూసి పెరిగాం కాబట్టి ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. కానీ ఈ పిట్ట గింజ ముట్టదు, నేలమీద దిగదు. రెక్కల చీమలు, దోమలు, చిన్న ఈగలు, ఉసిళ్ళు, అన్నీ గాల్లోనే నోరు తెరిచి పట్టుకుంటుంది. నీళ్ళు కూడా చెరువు మీదుగా ఎగురుతూ ముక్కుతో తాకి తాగుతుంది. మీరు చేయగలిగింది ఒక్కటే. పురుగుమందు పొగలు, స్ప్రేలు తగ్గించండి. గాల్లో పురుగు ఉంటే దానికి తిండి ఉన్నట్టే.

## మీ ఇంట్లో గూడు ఉంటే

వరండా నిండా రెట్టలు. ఏం చేయాలి?

గూటికి రెండు మూడడుగుల కింద ఒక అట్టముక్కో, చెక్కపలకో బిగించండి. మరీ దగ్గరగా పెడితే బల్లులకీ పాములకీ మెట్టు వేసినట్టవుతుంది. వారానికొకసారి అట్ట మార్చేస్తే సరిపోతుంది. ఎండిన రెట్టని చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకండి. నీళ్ళు చల్లి, మూతికి గుడ్డ కట్టుకుని తీయండి. ఏ పిట్ట రెట్ట అయినా, గబ్బిలం రెట్ట అయినా ఇదే పద్ధతి. రెండు మూడు గూళ్ళు ఉన్నంత మాత్రాన జబ్బులొస్తాయని టెన్షన్ పడక్కర్లేదు.

పండగకి ఇంటికి రంగులు వేయించాలి. గూళ్ళు తీసేయొచ్చా?

గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు తీయకండి. పోర్ట్ బ్లెయిర్‌లో నేను దిగిన ఒక లాడ్జిలో టూరిస్టు సీజన్‌కి ముందు సున్నం వేస్తూ మెట్ల దగ్గరి గూళ్ళన్నీ గీకేశారు. నేను మధ్యాహ్నం వచ్చేసరికి చెత్తబుట్టలో నాచు, దాని మధ్య కళ్ళు తెరవని పిల్లలు. పెద్ద పిట్టలు రెండు రోజులు ఆ గోడ దగ్గరికి వచ్చి, పట్టుకుని వేలాడి, మళ్ళీ ఎగిరిపోయేవి. నాకు ఇప్పటికీ ఆ గోడ గుర్తొస్తుంది.

మీరు చేయాల్సింది కష్టమేమీ కాదు. గూళ్ళున్న ఆ రెండడుగుల మేర వదిలేసి మిగతా గోడకి రంగు వేయించండి. పిల్లలు వెళ్ళిపోయాక ఆ ముక్క పూర్తిచేయొచ్చు. కుదిరితే ఖాళీ గూడు కూడా ఉంచేయండి, మళ్ళీ అదే చోటికి వస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో వేట అన్న మాటకి అర్థం పిట్టని చంపడం ఒక్కటే కాదు, గుడ్లనీ గూళ్ళనీ పాడుచేయడం కూడా దాని కిందికే వస్తుంది.

పిల్ల కింద పడిపోయింది. చేత్తో ముట్టుకుంటే తల్లి రానివ్వదంటారు కదా?

అది అపోహ. పిట్టలు మన వాసన పట్టి పిల్లని వదిలేయవు. మెత్తగా తీసి అదే గూట్లో పెట్టేయండి, ఆలస్యం చేయకుండా. గూడే ఊడిపడితే, చిన్న ప్లాస్టిక్ గిన్నెని సగానికి కోసి, అడుగున పీచు వేసి, అదే చోట గోడకి గట్టిగా బిగించి అందులో పెట్టండి. దూరంగా ఉండి గంటా రెండు గంటలు చూడండి. అన్నం మెతుకులు, పాలు, బ్రెడ్డు పెట్టకండి. పురుగు తినే పిట్టకి అవి విషంతో సమానం.

పెద్ద పిట్టే నేలమీద పడి లేవలేకపోతోంది. దెబ్బ తగిలిందా?

దెబ్బే కానక్కర్లేదు. కాళ్ళు మరీ పొట్టి కావడంతో చదును నేల మీంచి లేవడం స్విఫ్ట్‌లకి కష్టం. అరచేతిలో తీసుకుని, పిల్లులూ కాకులూ లేని ఖాళీ స్థలంలో చెయ్యి తల ఎత్తున చాచి ఉంచండి. అది కాసేపు గోళ్ళతో మీ వేలిని పట్టుకుని, వణికి, తర్వాత ఎగురుతుంది. బంతిలాగా పైకి విసరకండి. రెక్క వేలాడుతుంటే, రక్తం ఉంటే అట్టపెట్టెలో గుడ్డ వేసి, మూత పెట్టి, గాలికి చిల్లులు చేసి, చీకటిగా చల్లగా ఉంచి అటవీశాఖవాళ్ళకో పశువైద్యుడికో చెప్పండి. గొంతులో నీళ్ళు పోయొద్దు.

ఇంట్లో గూడు కట్టడం మంచిదా, చెడ్డదా? మా అత్తగారు శాంతి చేయించమంటున్నారు.

మన వైపు పిచ్చుక గూడు కడితే ఇంటికి కళ అనేవారు, ఎవరూ తీసేవారు కాదు. ఇదీ అలాంటి పిట్టే అని అత్తగారికి చెప్పి చూడండి. ఒక కుటుంబం మీ గోడని నమ్ముకుని వచ్చింది. సాయంత్రం దోమలు తినే చుట్టాన్ని చెడ్డదని ఎందుకు అనుకోవాలి?

## గుహ పిట్ట, తినే గూడు

చైనావాళ్ళు సూప్ చేసుకునే గూడు ఇదేనా?

ఇళ్ళ గోడల మీది తెల్లపొట్ట పిట్ట గూడు కాదు. అందులో అంతా నాచూ పీచే. సూప్‌కి వాడేది ఎడిబుల్-నెస్ట్ స్విఫ్ట్‌లెట్ గూడు, శాస్త్రీయ నామం ఏరోడ్రామస్ ఫ్యూసిఫేగస్. అది దాదాపు మొత్తం ఉమ్మితోనే కడుతుంది. తెల్లగా, పలచగా, ఆరబెట్టిన సేమియా పోగులు అల్లినట్టు ఉంటుంది. ఆ పిట్ట సున్నపురాయి గుహల్లో, సముద్రపు ఒడ్డు రాతి సందుల్లో ఉంటుంది. ఒక్క గూడు పూర్తికావడానికి నెలకి పైగా పడుతుంది.

కటిక చీకటి గుహలో గోడకి కొట్టుకోకుండా ఎలా ఎగురుతుంది?

నోటితో టక్ టక్ టక్ మని చప్పుడు చేసి, గోడకి తగిలి వచ్చే ప్రతిధ్వనితో దారి తెలుసుకుంటుంది. గబ్బిలం చేసే చప్పుడు మన చెవికి అందనంత పైస్థాయిలో ఉంటుంది. ఈ పిట్టది మనకి వినిపిస్తుంది, దువ్వెన పళ్ళమీద గోరు గీసినట్టు. పిట్టల్లో ఈ విద్య ఉన్నవి కొన్ని స్విఫ్ట్‌లెట్లు, దక్షిణ అమెరికా ఆయిల్‌బర్డ్ మాత్రమే. గుహలో టార్చి ఆర్పి ఒక్క నిమిషం నిశ్శబ్దంగా నిలబడండి. ఆ చప్పుడు విన్నాక గుహలో గట్టిగా అరవాలని ఎవరికీ అనిపించదు.

ఆ గుహ పిట్టలు ఎందుకు తగ్గిపోయాయి? ఇప్పుడెలా ఉన్నాయి?

గూళ్ళ ధరవల్ల. దొంగలు గుడ్లు ఉన్నాయా, పిల్లలున్నాయా అని చూడకుండా గీక్కుపోయేవారు. పిట్ట మళ్ళీ కడుతుంది, మళ్ళీ తీస్తారు. కట్టిన ప్రతిసారీ ఒంట్లో సత్తువ పోతుంది, పిల్లలు మాత్రం ఉండవు. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ 1990లలో దీవులన్నీ తిరిగి, గుహ గుహా దూరి లెక్కవేశారు. పదేళ్ళలో సుమారు 80 శాతం పిట్టలు పోయాయని ఆయన తేల్చారు. కేసులు పెడితే సరిపోదని, గుహల గురించి బాగా తెలిసిన గూళ్ళు తీసేవాళ్ళనే కాపలాదారులుగా పెట్టుకోవాలని, పిల్లలు ఎగిరిపోయాకే గూడు తీసేలా ఉంటే అటు మనిషికీ ఇటు పిట్టకీ బతుకుంటుందని ఆయన ఆలోచన. అటవీశాఖతో కలిసి 1999 నుంచి ఆ పని మొదలైంది. కాపలా ఉన్న గుహల్లో పిట్టలు మళ్ళీ పెరిగాయి. రవి శంకరన్ 2009లో కన్నుమూశారు.

ఈ కథలో మన ఇంటి పిట్టకీ పాత్ర ఉంది. గుహ పిట్ట గుడ్లని తెచ్చి ఇళ్ళలో ఉండే తెల్లపొట్ట పిట్ట గూళ్ళలో పెట్టి, వాటితో పెంచించే ప్రయత్నం చేశారు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల పెద్దయ్యాక అదే ఇంటికి తిరిగొచ్చి గూడు కడుతుందని ఆశ. ఆరేడు గ్రాముల పిట్ట తనకంటే పెద్ద జాతి పిల్లల్ని మేపడం తలుచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి.

యూట్యూబ్‌లో మలేషియా స్విఫ్ట్‌లెట్ బిల్డింగులు చూశాను. మన టెక్కలిలోనో, చీపురుపల్లిలోనో ఒకటి కడితే?

డబ్బు పెట్టకండి. మలేషియా, ఇండోనేషియాల్లో ఆ పిట్ట చుట్టుపక్కల అడవిలో ఉంది కాబట్టి, చీకటి గదులు కట్టి దాని కూత రికార్డు పెడితే వచ్చి చేరుతుంది. అది కోళ్ళఫారం కాదు. పిట్టలు స్వేచ్ఛగా వచ్చిపోతాయి, బయటే తింటాయి. మన జిల్లాల్లో ఆ పిట్టే లేదు. ఎన్నేళ్ళు రికార్డు మోగించినా వచ్చేవి గబ్బిలాలూ పావురాలే. అండమాన్ నుంచి పట్టి తేవడం నేరం, పైగా పంజరంలో అవి బతకవు.

## మన దగ్గర

శ్రీకాకుళం, విజయనగరంలో స్విఫ్ట్‌లెట్ ఏదీ లేదా?

స్విఫ్ట్‌లెట్ లేదు. మెయిన్‌ల్యాండ్ దక్షిణాదిలో ఇండియన్ స్విఫ్ట్‌లెట్ ఉంది కానీ దాని ఇల్లు పడమటి కనుమలు, కొంకణ తీరం దగ్గరి రాతి దీవులు, శ్రీలంక. మన ఆకాశంలో తిరిగేవి స్విఫ్ట్‌లు. అవి తక్కువేమీ కాదు. అండమాన్ వెళ్ళేముందు వీటిని ఒక నెల రోజులు చూసి కళ్ళకి అలవాటు చేసుకుంటే అక్కడ పని సులువవుతుంది.

మా ఉద్దానం తాటిచెట్ల చుట్టూ సాయంత్రం తిరిగే సన్నటి పిట్టలు ఏవి?

ఏషియన్ పామ్ స్విఫ్ట్. సుమారు 13 సెంటీమీటర్లు, బక్కపలచటి ఒళ్ళు, సన్నటి రెక్కలు, చీలిన తోక. తోక మూసినప్పుడు సూదిలా కనిపిస్తుంది. తాటాకు అడుగున ముడతలో ఈకలు, దూది ఉమ్మితో అతికించి అరచేతిలో సగం కూడా లేని గూడు కడుతుంది. గాలికి ఆకు ఊగుతుంటే గూడూ ఊగుతుంది. పగలంతా చెట్టు చుట్టూ సన్నగా కీచుమంటూ తిరుగుతాయి. తాటిచెట్టు లేని చోట ఇవి కనిపించడం తక్కువ.

నాగావళి వంతెన కింద గుంపులు గుంపులుగా అరిచేవి?

నడుమ్మీద తెల్ల పట్టీ, తెల్ల గొంతు, నల్ల పొట్ట, చివర తిన్నగా కోసినట్టున్న తోక ఉంటే లిటిల్ స్విఫ్ట్. పాత కోటగోడలు, గుడి మండపాలు, వంతెనల కింద ఈకలూ గడ్డీ ఉమ్మితో కలిపి గూళ్ళు ఒకదానికొకటి ఆనించి కడతాయి. దీని శాస్త్రీయ నామం ఏపస్ ఎఫినిస్. అండమాన్ పిట్ట పేరులో కూడా ఎఫినిస్ ఉంది కాబట్టి ఫోన్‌లో వెతికేటప్పుడు చాలామంది పొరబడతారు. ఎఫినిస్ అంటే దగ్గరి చుట్టం అని అర్థం, ఎన్నో పిట్టలకి పెట్టిన పేరు. మొదటి మాట ఏపసా, కొల్లోకాలియానా అన్నది చూడండి.

సీతంపేట ఏజెన్సీలో ఎండుకొమ్మ మీద కూర్చున్న స్విఫ్ట్‌లాంటి పిట్ట చూశాను. స్విఫ్ట్‌లు కూర్చోవంటారే?

మీరు చూసింది క్రెస్టెడ్ ట్రీస్విఫ్ట్ అయ్యుంటుంది. బూడిద నీలం రంగు, తలమీద కుచ్చు, పొడుగాటి చీలిన తోక. స్విఫ్ట్‌లకి దగ్గర చుట్టమే కానీ వేరే కుటుంబం, కొమ్మ మీద కూర్చోగలదు. మగదాని చెంప ఇటుక రంగులో ఉంటుంది. తూర్పు కనుమల అడవుల్లో ఎత్తైన ఎండుకొమ్మలు దానికి ఇష్టం. మళ్ళీ వెళ్తే అదే చెట్టు దగ్గర చూడండి.

మా పొలం గట్టు మీద తాటాకులు కొట్టించాలి. పామ్ స్విఫ్ట్ గూళ్ళు ఉంటే ఎలా?

చెట్టెక్కే ముందు పది నిమిషాలు కింద నిలబడి చూడండి. పిట్టలు మళ్ళీ మళ్ళీ ఒకే ఆకు కిందికి దూరి వస్తుంటే అక్కడ గూడు ఉన్నట్టే. పామ్ స్విఫ్ట్ గూడు ఎక్కువగా కిందికి వాలిన పాత ఆకులకే ఉంటుంది, ఇంటికప్పుకి కోసేవీ ఎక్కువగా వాటి దగ్గరివే. గీత కార్మికుడికి ఆ ఆకు చూపించి, దాన్నీ దాని పక్క ఆకునీ వదిలేయమని చెప్పండి. మా ఊళ్ళో చెట్టెక్కే పెద్దాయనకి ఒక్కసారి చెప్పాను. ఇప్పుడు ఆయనే పైనుంచి కేకేసి చెప్తాడు, "ఇక్కడ రెండు గుడ్లున్నాయి బాబూ, ఈ కమ్మ ముట్టనులే" అని.